సౌమ్య వాళ్ళన్నయ్య భోజనానికి వచ్చిన ఆదివారం

ఆ రోజుల్లో నీకు స్నేహితులు ఎంతమంది అని అడిగితే అంకె చెప్పడం కొత్తగా మొదలైంది. అంతకుముందు పేర్లు చెప్పేవాళ్ళం. నేను తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగు రెండో ఏడు చదువుతుండగా, బస్టాండు వెనక నెట్ సెంటర్లోకి స్నేహాల సైటొకటి దిగింది. అందులో చేరనివాళ్ళని మా క్లాసులో జాలిగా చూసేవారు. అందుకని నేనూ చేరాను. అడిగిన ప్రతి గడినీ పరీక్ష ఫీజు దరఖాస్తు నింపినంత భక్తిగా నింపాను. ఇంటి చిరునామా, ల్యాండ్‌లైన్ నంబరు, చివరికి "రైసుమిల్లు దాటాక రెండో సందు, నందివర్ధనం చెట్టున్న ఇల్లు" అనే ఆనవాలు కూడా రాశాను. (ఏ గడైనా ఖాళీగా వదిలితే దరఖాస్తు తిప్పి పంపేస్తారని నా భయం.)

ఆ నందివర్ధనం చెట్టున్న ఇల్లు మా మేనత్తది. మా నాన్న కొల్లేరు పక్కన చేపల చెరువులు చేసేవారు. నన్ను హాస్టల్లో పెట్టడానికి మనసొప్పక, వాళ్ళక్క ఇంట్లో ఉంచి చదివిస్తున్నారు. నేను గూడెం అత్త అని పిలిచే ఆవిడ చర్చిలో సండేస్కూలు పిల్లలకి పాఠాలు చెప్పేది. గొంతు పెంచి మాట్లాడడం ఎరగని మనిషి. నాన్న పెట్టిన షరతు మాత్రం ఒక్కటే. "నీ గురించి ఒక్క మాట నా చెవిన పడిందంటే, పుస్తకాలు సర్దుకుని వచ్చెయ్యాలమ్మా." ఆ ఒక్క మాటకి భయపడి నేను కాలేజీకి తలొంచుకు వెళ్ళి తలొంచుకు వచ్చేదాన్ని. నెట్ సెంటర్లో మాత్రమే తలెత్తేదాన్ని.

అలా తలెత్తినప్పుడు కనపడింది సౌమ్య. విశాఖపట్నంలో మెడిసిన్ చదువుతున్నానంది. ఫోటో బదులు గులాబీ పువ్వు పెట్టుకుంది. నా పేజీలో తను "హాయ్" అని రాస్తే, నేను "బాగున్నారా అండీ, ఇంట్లో అందరూ కులాసానా అండీ" అని రాసేదాన్ని. చివర్లో మావైపు అందరూ అనే మాటే అనేదాన్ని: ఇటువైపు వస్తే తప్పకుండా మా ఇంటికి రండి, భోంచేసి వెళ్దురుగాని. ఈ మాట మేం బస్సులో పక్క సీటువాళ్ళకి కూడా చెప్తాం. ఎవరూ రారు. రాకూడదని వాళ్ళకి తెలుసు, రారని మాకు తెలుసు. ఇంటర్నెట్టుకి ఆ సంగతి తెలియదని నాకు తట్టలేదు.

ఒక ఆదివారం ఆరాధన నుంచి వచ్చి అత్త చేపల పులుసు పెట్టింది. మధ్యాహ్నం బస్సుకి నాన్న వస్తానన్నారు. మామయ్య మిల్లుకి వెళ్ళారు. ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. గేటు ముందు మోటారు సైకిలు ఆగింది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్న కుర్రాడు లోపలికొచ్చి, "సౌమ్య వాళ్ళన్నయ్యనండి. మీ అమ్మాయి భోజనానికి రమ్మందండి" అన్నాడు. నా పై ప్రాణం పైనే పోయింది. సౌమ్య తనకో అన్నయ్య ఉన్నట్టు ఏనాడూ రాయలేదు. ఇంకాసేపట్లో నాన్న ఆ గేట్లోంచే వస్తారు, నా చదువు ఆ గేట్లోంచే పోతుంది. అత్త ఒక్కసారి నా మొహం చూసింది. నేనేం చెప్పకుండానే ఆవిడకి సగం అర్థమైపోయింది. "రండి బాబూ, ఎండనపడి వచ్చారు. కాళ్ళు కడుక్కోండి" అని పీట వాల్చింది.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ మా అత్తకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. అన్నం వడ్డిస్తూ అడిగింది.

"మీదేవూరు బాబూ?"

"వైజాగండి."

"ఇప్పుడుండేది అదేలెండి. సొంతూరు?"

"ఏలూరు దగ్గరండి."

"ఎటండీ, కైకలూరు వైపా, భీమడోలు వైపా? ఇంకొంచెం పులుసు వేసుకోండి."

"భీమడోలు వైపండి. గుండుగొలను."

"గుండుగొలనులో ఎవరి తాలూకండీ?"

పులుసు బాగా కుదిరింది. కుర్రాడు జాగ్రత్త మరిచిపోయి, అమ్మ తరఫు తాతగారు అక్కడ లెక్కల మాస్టారని చెప్పేశాడు. అత్త చేతిలో గరిటె ఆగింది. "లెక్కల మాస్టారి మనవడివా! మీ అమ్మా నేనూ ఏలూరు హాస్టల్లో ఒకే గదిలో ఉన్నాం నాయనా!" అంది. అంతవరకూ మీరు అన్న మనిషి నువ్వులోకి దిగిపోయింది. "పెళ్ళిళ్ళయ్యాక ఎవరెక్కడున్నామో తెలీలేదు. మొన్న చర్చి సభల్లో ఎవరో చెప్పారు, మీ అమ్మకి ఒక్కడే కొడుకట, ఆడపిల్లలు లేరట. మరి సౌమ్య ఎవరు బాబూ?"

ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. "సౌమ్య కూడా నేనేనండి" అని వినపడింది. మెడిసినూ లేదు, వైజాగూ లేదు. ఏలూరులో డిగ్రీ చదువుతున్నాడు, అదీ తప్పుతూ. అత్త మాత్రం, "ముందు తిను. అన్నం దగ్గర కూర్చున్నవాణ్ణి లేపను" అని మజ్జిగ కూడా పోసింది. చెయ్యి కడుక్కున్నాక అతని నోటితోనే ఇంటి నంబరు చెప్పించి ఫోను చేసింది. జరిగింది జరిగినట్టు ఆ తల్లికి చెప్పి, రిసీవరు అతనికిచ్చింది. అవతలి కేకలు నాకు వంటింట్లోకి వినపడ్డాయి. తర్వాత అత్త మళ్ళీ రిసీవరు తీసుకుంది. ఇంక ఇద్దరూ హాస్టలు వార్డెనుని తలుచుకుని ఒకటే నవ్వు, ఆ వెంటనే ఏడుపు. మమ్మల్ని పూర్తిగా మర్చిపోయారు. సరిగ్గా అప్పుడు నాన్న వచ్చారు.

అత్త ఏమీ దాచలేదు. అంతా విని నాన్న నావైపు చూడకుండానే, "చాల్లే అక్కా. పుస్తకాలు సర్దుకోమను" అన్నారు. కుర్రాడు తలెత్తలేదు. నేను నిజంగానే గదిలోకి వెళ్ళబోయాను.

"ఆగవే," అంది అత్త. ఆవిడ గొంతు పెంచడం నేను వినడం అదే మొదలు, అదే ఆఖరు. "ఏరా తమ్ముడూ, దొంగ పేరు పెట్టుకొచ్చిన ఈ అబ్బాయేమో రేపు దర్జాగా కాలేజీకి వెళ్తాడు. అన్నం పెడతానన్న పిల్లేమో చదువు మానెయ్యాలా? ఆ మర్యాద దానికి నేర్పింది మనం కాదూ? ఎవరికి చెప్పాలో, ఎవరికి చెప్పకూడదో అదీ నేర్పుదాం. దాని పుస్తకాల జోలికి రాకు."

నాన్న గుమ్మంలోనే చెప్పులు విప్పి, "అన్నం ఉందా అక్కా?" అన్నారు. కళ్ళ నీళ్ళు ఆపుకుంటూ నేనే వడ్డించాను. మర్నాడు అత్త నాతో నెట్ సెంటరుకి వచ్చింది. పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని ఇంటి ఆనవాళ్ళన్నీ తీయించింది. ఒక్కొక్క స్నేహితుణ్ణీ "ఇతనెవరు? నువ్వెప్పుడైనా చూశావా?" అని ఆరా తీసింది. పాపం, నా అంకె చాలా చిక్కిపోయింది. ఆ వచ్చే ఆదివారం గుండుగొలను నుంచి ఆ తల్లి దిగింది. పాత స్నేహితుల్ని కలుపుతామని ఆ సైటు మొదటి పేజీలోనే రాసుండేది. కలిపింది, ఒప్పుకోవాలి. కాకపోతే కంప్యూటరు ముట్టుకోని ఇద్దరు ఆడవాళ్ళని కలిపింది.

ఇప్పుడు నేను ఓ పెద్ద ఊళ్ళో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తున్నాను. ఖాతాల్లో సమాచారం ఎలా దాచుకోవాలో పదిమందికీ పాఠాలు చెప్తాను. నా ఖాతాకైతే తాళాల మీద తాళాలు. ఊరు కనపడదు, ఫోటో కనపడదు, పుట్టినరోజు కూడా కనపడదు. అందుకే కాబోలు ఆ రోజున ఎవరి శుభాకాంక్షలూ రావు. పొద్దున్నే గూడెం నుంచి అత్త ఒక్కతే ఫోన్ చేసి, "ఇంజనీరుగారూ, బాగున్నారా అండీ?" అంటుంది.