ఆవు మొగం లోపలి రాత

నేను ఇంతకాలం ఏదీ రాయకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు, నాకు అక్షరాలు రావు, అంతే. పుంగనూరు దగ్గరి పల్లెలో మా తమ్ముడు బడికి పోయే వేళకు నేను పట్టుపురుగులకు మల్బరీ ఆకు కోసుకొచ్చేదాన్ని. పెళ్ళయి మదనపల్లెకు వచ్చాక పట్టుగూళ్ళు ఉడికించి దారం తీసే షెడ్డులో పనికి కుదిరాను. వేడినీళ్ళలో నాని నాని వేళ్ళ కొనలు ముడతలు పడి, పొద్దుగూకేసరికి గరిటె పట్టుకోవడమే కష్టంగా ఉండేది, ఇంక పలకెక్కడ పట్టేది. అరవై దాటాక మా వీధి ఆడవాళ్ళకు సాయంత్రంపూట చదువు చెప్పడానికి ఒక టీచరమ్మ వస్తే, సిగ్గుపడుతూనే వెళ్ళి కూర్చున్నాను. రెండేళ్ళయింది. కూడబలుక్కుని చదువుతాను, నిదానంగా రాస్తాను.

మొన్న కుప్పం నుంచి మనవరాలు ఫోను చేసింది. వాళ్ళ బడిలో పిల్లలంతా వేషాలు వేసుకుని రావాలట.

"అవ్వా, నాకు ఏనుగు మొగం కావల్ల. అంగట్లో దొరికేది వద్దు. అమ్మకు ఆవు మొగం చేసిచ్చినావంట కదా, అట్లాంటిది. తొండం ఊగల్ల!"

ఆ పక్క పల్లెల్లో చేలమీద ఏనుగులు పడ్డాయన్న మాట తరచూ వినే పిల్ల, తొండం ఊగకపోతే ఒప్పుకుంటుందా. దాని పాత కాగితాలు బస్సులో పంపమని చెప్పి సరేనన్నాను గానీ, ముప్పై ఏళ్ళ కిందటి పని చేతులకు గుర్తుందో లేదోనని, ఆ పాత ఆవు మొగాన్ని అటక మీది నుంచి దించాను.

ఆ పని నాకు మా అమ్మ నేర్పింది. మొగాలు చేయడం కాదు, చేటలకు పూత పూయడం. నా ఈడువాళ్ళకు ఇది చెప్పనక్కర లేదు. కొత్త వెదురు చేట ఇంటికి రాగానే, సందుల్లోంచి గింజలు జారిపోకుండా, పాత కాగితాలూ మెంతులూ నానబెట్టి రోట్లో మెత్తగా రుబ్బి, ఆ ముద్దను చేటంతా పూసి ఎండబెట్టేవాళ్ళం. ఎండితే అట్టలా బిగుసుకుని ఏళ్ళ తరబడి ఉండేది, ఇల్లంతా రెండు రోజులు మెంతుల వాసన వేసేది. నా కూతురు ఐదో తరగతిలో ఉండగా వాళ్ళ బడిలోనూ ఇట్లాగే వేషాలు పెట్టారు. క్లాసులో అందరికన్నా పొట్టిది అదే, పిల్లలు ఏడిపించేవాళ్ళు. మా పుట్టింటి వైపు ఆవులు పొట్టివని ప్రసిద్ధి గదా, తాను పుంగనూరు ఆవుగా పోతానని పట్టుబట్టింది. "పొట్టిదని ఆవునైతే అందురూ మెచ్చుకుంటారు కదమా" అన్న దాని మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. మొగం కొనే వీలు లేదు, నాకు వచ్చిన విద్య ఆ చేట ముద్ద ఒక్కటే.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో మా ఇంట్లో కొత్త నోటుపుస్తకం కొనడమన్నది తక్కువ. ప్రతి జూన్ లోనూ నా కూతురు పాత పుస్తకాల్లో మిగిలిన తెల్లకాగితాలన్నీ చించి ఇస్తే, నేను వాటిని దొంతిగా పేర్చి, దబ్బనంతో పట్టుదారం వేసి కుట్టిచ్చేదాన్ని. ఒక కాగితానికి నీలం గీతలు, ఇంకోదానికి గీతలే ఉండవు. కుట్టినప్పుడే పాతబడినట్టుండే పుస్తకం అది. పోయినేటి పుస్తకం, ఈ ఏటి పుస్తకం పక్కపక్కన పెడితే, చదవడం వచ్చినవాళ్ళకు తేడా తెలుస్తుంది, నాకెట్లా తెలుస్తుంది?

మొగానికి కాగితాలు కావాలంటే, గూట్లో కిందున్న పాతవి తీసుకోమని నా కూతురు చెప్పి బడికి పోయింది. ముందురోజు గోడలకు సున్నం కొట్టి, గూటిలోవన్నీ దించి మళ్ళీ సర్దింది నేనే, ఏది పైకి పోయిందో, ఏది కిందికి వచ్చిందో చూసుకోలేదు. కింద చేతికందింది తీశాను. సగం కాగితాలు మెంతులతో రుబ్బాను. మిగతావి పీలికలు చేసి, ఆముదం రాసిన బోర్లించిన కుండ మీద మొదటి వరసగా అంటించి, దానిపైన ముద్ద మెత్తాను. సాయంత్రం బడి నుంచి వచ్చి అది కుండ దగ్గర గొంతుకూర్చుంది, అంచున బయటికి కనబడుతున్న పీలికను చాలాసేపు చూసింది.

"ఈ కాగితాలు యాడివి మా?"

"గూట్లో కిందుండేవే. నువ్వే కదా చెప్తివి. యాల, బాగలేదా?"

"ఏం లేదులే మా. కొమ్ములు మాత్రం పెద్దవి పెట్టొద్దు."

అంతే అంది. సున్నంతో తెల్లగా, మూతికి బొగ్గుపొడితో నల్లగా ఆ మొగం ఎంత ముద్దొచ్చిందని! అందరూ మెచ్చుకున్నారట, మెంతుల వాసనకు ఊరగాయ జాడీలో తల పెట్టినట్టుందని పక్కపిల్లలు నవ్వారట కూడా. తర్వాత పదిహేను రోజులు నా కూతురు ప్రతి సాయంత్రం స్నేహితురాలి పుస్తకం తెచ్చుకుని తలెత్తకుండా రాసింది. నా బిడ్డకు చదువు మీద ఎంత శ్రద్ధో చూడండని నేను షెడ్డులో ఒక్కరిని వదలకుండా చెప్పుకున్నాను.

మొన్న ఆ మొగాన్ని వెలుతురులో తిప్పి చూస్తే, లోపల, ముఖానికి తగిలే వైపున, అక్షరాలు కనబడ్డాయి. బాల్ పెన్ను రాత, చెరగలేదు. ఇన్నేళ్ళూ నాకవి గీతలే. ఇప్పుడు ఒక్కొక్కటీ కూడబలుక్కుని చదివాను. నా కూతురి పేరు. తరగతి: ఐదు. సాంఘిక శాస్త్రం. మన జిల్లా నదులు. నేను రుబ్బింది పోయినేటి పుస్తకం కాదు, ఆ ఏడాదిది. ఆ పదిహేను రోజుల రాత ఎందుకో అప్పుడు తెలిసింది.

ఫోను చేసి అడిగితే అది పగలబడి నవ్వింది. "ముప్పై ఏండ్లకు దొంగ దొరికిపాయ! వారం రోజులు బెంచీ మింద నిలబెట్టినారులే మా. బెంచీ ఎక్కితే క్లాసులో నేనే పొడుగు."

"నాకు చెప్పకూడదా అమ్మే?"

అది నవ్వు ఆపింది. "చెప్పుంటే నువ్వు మళ్ళా నా పుస్తకాలు ముట్టుకుందువా? మళ్ళా జూన్ లో ఎవురు కుట్టిస్తారు నాకు?"

ఇప్పుడు నా కూతురు కుప్పం ఆస్పత్రిలో నర్సు. మనవరాలి పుస్తకాలు ఏటా కొత్తవి, అట్టల మీద బొమ్మలతో, ఒకదానికొకటి పోలిక లేకుండా వస్తాయి, సగం రాసి పారేసినా అడిగేవాళ్ళు లేరు. చేటలకు పూత పూసేవాళ్ళూ లేరు, ప్లాస్టిక్ వచ్చేసింది. సంతోషమే. కానీ తల్లి సిగ్గుపడుతుందని పదేళ్ళ పిల్ల బెంచీ ఎక్కి నిలబడి, ఇంటికొచ్చి నోరు మెదపని ఆ ఓర్పు గుర్తొస్తే, అక్షరాలు నాకు ఇంకాస్త ముందు వచ్చి ఉంటే బాగుండేదనిపిస్తుంది. ఆ సాయంత్రమే ఏనుగు కోసం మెంతులు నానవేశాను.

మరునాడు పొద్దున్నే నాలుగు తెల్లకాగితాలు మడిచి, దబ్బనంతో కుట్టి, ఆవు మొగాన్ని ఒళ్ళో బోర్లా పెట్టుకుని, లోపలి రాతను కనబడినంతవరకూ చూసి అందులోకి ఎక్కించాను. పీలిక చినిగిపోయిన చోట, నా కూతురు పూరించుకోవడానికి జాగా వదిలాను. పద్నాలుగు వరసలు వచ్చాయి. చివరి వరస "నదులు ఎండినప్పుడు ప్రజలు" అని సగంలో ఆగింది, నేనూ అక్కడే ఆపాను. ఆ పుస్తకాన్ని కుప్పానికి తీసుకుపోయే సంచిలో పెట్టి, మనవరాలు పంపిన పాత కాగితాల కట్ట విప్పి, ఒక్కొక్కటీ చదివి చదివి నీళ్ళలో వేశాను.