పట్టపగలు లైటార్పే గఫూర్

ఆళ్ళగడ్డలో సూర్యుడు సొంత బుద్ధితో పనిచేయడు. తెల్లారి లేవగానే నేరుగా గఫూర్ ఇంటి ముందుకొచ్చి నిలబడి, "ఈ దినం ఎవరెవరి ఇండ్లలోకి పోవాల భాయ్?" అని అడుగుతాడు. గఫూర్ వక్క నములుతూ పేర్లు చెప్తాడు. పేరు చెప్పని ఇంట్లో ఆ రోజంతా చీకటే. ఇది అబద్ధమనుకునేవాళ్ళు, ఊళ్ళో సగం ఇండ్లలో మిట్టమధ్యాహ్నం ట్యూబులైటు ఎందుకు వెలుగుతోందో వేరే కారణం చెప్పాలి.

గఫూర్ కిటికీలు చేసే వడ్రంగి. అరవై రెండేళ్ళు, చెవి మీద పెన్సిలు, మోకాళ్ళ దాకా చెక్కపొట్టు. అడిగితే వాకిళ్ళు కూడా చేస్తాడు గానీ ఇష్టం లేకుండా చేస్తాడు. "వాకిట్లోంచి వచ్చేది మనుషులేగా, వాళ్ళేం గొప్ప" అంటాడు. ఆయనకున్న రోగం ఒకటే. పట్టపగలు ఎక్కడ లైటు వెలుగుతున్నా ఓర్చుకోలేడు. ఎవరింట్లో అడుగుపెట్టినా సలాం కంటే ముందు గోడ తడిమి, టక్కున స్విచ్చి ఆర్పేస్తాడు. ఆ చీకట్లోంచి గొంతొక్కటే వినిపిస్తుంది. "నేను యాడుండానో చెప్పు."

ఇంటివాళ్ళు చెప్పలేకపోతే తీర్పు వెంటనే వస్తుంది. "ఇది ఇల్లు కాదప్పా, బొరియ. పందికొక్కుకు బాడుగకిచ్చుకో."

నంద్యాలలో ఒక టింబరు డిపో వాళ్ళ పెండ్లికి పిలిస్తే వెళ్ళాడు. పొద్దున పదకొండు గంటలు, బయట పగిలే ఎండ, లోపల నాలుగు వందల లైట్లు. మనవాడు మెయిన్ దించేశాడు. సరిగ్గా అప్పుడే పెండ్లికూతురు దండ వేసింది, అది పోయి వీడియో తీసేవాని మెడలో పడింది. వీడియోవాడు ఆ దండ తిరిగివ్వలేదని, ఇప్పటికీ ప్రతి పండక్కీ అల్లుడి హోదాలో వచ్చి భోంచేసి పోతున్నాడని, అత్తగారు కూడా అలవాటుపడి వడ్డిస్తున్నారని భోగట్టా.

మరి సొంత ఇల్లు ఎలా కట్టుకున్నాడంటే ఆయన భార్య ఫాతిమున్నీసాను అడగాలి. "మా ఇంట్లో గోడలు యాడుండాయమ్మా? కిటికీలు పడిపోకుండా రొంత ఇటుకలు పేర్చినాడు, అంతే. క్యాలెండరు తగిలించాలంటే పక్కింటికి పోతాండా" అంటుంది.

ఇలాంటి మనిషిని బుద్ధున్నవాడెవడూ ఇంటికి పిలవడు. రూబెన్ పిలిచాడు.

రూబెన్‌కి బస్టాండు దగ్గర ఎరువుల అంగడి ఉంది. నిజానికి ఇల్లు అత్తగారు ఆదెమ్మది. ఆమె ఒక్కగానొక్క కూతురు షాలినిని చేసుకుని, ఇంటినీ చేసుకున్నాడు. పెండ్లయిన మర్నాటి నుంచే "నా ఇల్లు" అనడం మొదలుపెట్టాడు. ఈ యేడు ముందు భాగం పడగొట్టి స్లాబు వేయించాడు. హాల్లో ప్లాస్టరాఫ్ పారిస్ సీలింగు, అందులో ముప్పై ఆరు లైట్లు, రిమోటు నొక్కితే ఏడు రంగులు. రాత్రీ పగలూ ఆ రిమోటు జేబులోనే. ఆ సీలింగు కింద నిలబడినప్పుడల్లా రూబెన్‌కి తాను పొరపాటున ఆళ్ళగడ్డలో పుట్టాననిపించేది. వచ్చే ఆదివారం ఇంటి ప్రతిష్ఠ ప్రార్థన. చర్చి పాస్టరు పరంజ్యోతి అయ్యగారు వస్తారు, సంఘమంతా వస్తుంది, వచ్చి కుళ్ళుకోవాలి. దానికి ఒక్క కిటికీ తక్కువైంది.

"ఈ పక్క ఆరడుగుల కిటికీ కావాల. టేకు. పెద్ద పెద్ద అద్దాలు. ఇట్లాంటిది ఊళ్ళో ఇంకోటి ఉండకూడదు" అన్నాడు రూబెన్.

టక్. ముప్పై ఆరు లైట్లూ ఆరిపోయాయి.

"నేను యాడుండానో చెప్పు."

"యాడేంది, నా కాలి మీద ఉండావ్! దిగు భాయ్!"

లైట్లు వేశాక గఫూర్ కిటికీ కోసం వదిలిన ఖాళీలోకి చెయ్యి పెట్టాడు. మోచేయి దాకా కూడా పోలేదు, పక్కింటి గోడ తగిలింది.

"ఈడ సుబ్బరాయుడి గోడ ఉండాది గదప్పా."

"ఉంటే?"

"కిటికీ తెరిస్తే ఏం కనపడతాది?"

"తెరిచేదెందుకు? కర్టెను వేస్తాం గదా."

"కర్టెను వేసేటట్టుంటే కిటికీ ఎందుకు?"

"కర్టెను వేసేదానికి!"

నలభయ్యేళ్ళుగా కిటికీలు చేస్తున్న గఫూర్‌కి కర్టెను కోసం కిటికీ అడిగినవాడు తగలడం అదే మొదటిసారి. చెవి మీది పెన్సిలు తీసి, చూసి, మళ్ళీ చెవి మీదే పెట్టుకుని బయటికి నడిచాడు. వాకిలి దాటేవాడే, వెనక గదిలోంచి పిలుపు వచ్చింది.

"ఎవరప్పా వచ్చింది? దగ్గరికొస్తే గానీ తెలీదు నాకు."

"మా అత్తలే. కండ్లు పోయినాయి" అన్నాడు రూబెన్, కరెంటు పోయిందన్నంత తేలిగ్గా.

ఆదెమ్మకు డెబ్బై ఒకటి. చర్చి ఆడవాళ్ళ 'స్త్రీల మైత్రి' కూడికల్లో నలభయ్యేళ్ళుగా బైబిలు వాక్యం చదివేది ఆమే. నోటికొచ్చినా సరే, పుస్తకం తెరిచి వేలు పెట్టి చదవాల్సిందే. "ఒప్పజెప్పేదానికి చిలక చాలదా?" అనేది. మొన్న ఈ ఇంట్లోనే జరిగిన కూడికలో ఆమె రెండు పేజీలు ఒకేసారి తిప్పేసి, ఎవరి కథో మొదలుపెట్టి ఇంకెవరి కథలోనో తేలింది. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆదెమ్మ పుస్తకం మూసింది. నలభయ్యేళ్ళలో మధ్యలో మూయడం అదే మొదలు. వెంటనే రూబెన్ తేల్చేశాడు, ఆదివారం వాక్యం తానే చదువుతానని.  ఆ రోజు నుంచి ఆదెమ్మ అన్నం కూడా సగమే తింటోంది.

"డాక్టరుకు చూపించినారా?" అడిగాడు గఫూర్.

"నంద్యాలకు పిల్చుకోని పోయినా. ఆపరేషను చేసిన కండ్లు బంగారంగా ఉండాయన్నాడు. ఆడ అట్టమీద కింది వరస చిన్నక్షరాలు కూడా గడగడ చదివింది. ఇంటికొస్తే ఏమీ కనపడదు. ఆ డాక్టరుకు ఏమీ తెలీదు."

రూబెన్ తెలివి అలాంటిది. ఇంట్లో తప్పుండొచ్చని తట్టదు, డాక్టరులో మాత్రం ఉంటుంది.

గఫూర్ వెనక గదిలోకి పోయాడు. అది పాత మిద్దెలో మిగిలిన ఒకే ఒక్క గది. నాలుగు పక్కలా గోడలే. అత్తగారి గది కూడా కొత్తగా ఉండాలని రూబెన్ అందులో నీలం లైటు పెట్టించాడు. ఆ వెలుగులో ఎవరు కూర్చున్నా నీళ్ళలో మునిగి నాలుగు రోజులైనట్టుంటారు. చాప మీద ఆదెమ్మ, ఒళ్ళో మూసిన పుస్తకం.

టక్.

"నేను యాడుండానో చెప్పు పెద్దమ్మా."

నీలం పోయి, వాకిట్లోంచి పడే హాలు వెలుతురు కాస్త మిగిలింది. ఆ మసకలోంచి నింపాదిగా జవాబొచ్చింది. "వాకిలికి ఎడమపక్క ఉండావ్. చెవి మీద పెన్సిలుండాది. ఎవరు, గఫూరూ? గడ్డం యాలప్పా అంత తెల్లబడింది?"

గఫూర్ నవ్వలేదు. తల పైకెత్తాడు. దూలాల మధ్య ఒక చదరం కనిపించింది. పాత మిద్దెలకు కప్పులో వెలుతురు కోసం వదిలే రంధ్రం, గవాచి. వానొస్తే పైకెక్కి బండ కప్పేవాళ్ళు, వెలిస్తే తీసేవాళ్ళు. ఇప్పుడు దాని మీద శాశ్వతంగా నాపరాయి, చుట్టూ సిమెంటు.

"గవాచి ఎవరు మూసింది?"

"నేనే" అన్నాడు రూబెన్ గర్వంగా. "పాతకాలం బొక్క. వానొస్తే వాన, ఎండొస్తే ఎండ. ప్రతిష్ఠకొచ్చినోళ్ళు చూస్తే ఏమనుకుంటారు? నేనేమన్నా పల్లెటూరోడినా?"

"ఎండ రావాలనే గదప్పా పెట్టింది?"

"నువ్వు కిటికీ చేస్తావా, చెయ్యవా?"

గఫూర్ ఆదెమ్మ వైపు చూశాడు. ఆమె కప్పు వైపు చూస్తోంది. "చేస్తా" అన్నాడు. రూబెన్ మీసం దువ్వుకున్నాడు. కిటికీల గఫూర్‌ని కర్టెనుకు లొంగదీసిన మొనగాడు ఈ జిల్లాలో తానొక్కడేనని ఆ సాయంత్రం అంగడికొచ్చిన ప్రతి రైతుకూ యూరియాతో పాటు వినిపించాడు.

శనివారం పొద్దున షాలినిని వెంటబెట్టుకుని రూబెన్ కుర్చీలకు, కేకుకు నంద్యాల పోయాడు. సాయంత్రం వచ్చేసరికి హాల్లో కొత్త కిటికీ నిలబడి ఉంది. టేకు బ్రహ్మాండంగా ఉంది. అద్దం మాత్రం లేదు. ఖాళీ చట్రంలోంచి సుబ్బరాయుడి గోడ, దాని మీద సుబ్బరాయుడు ఆరేసిన లుంగీ, తీరుబడిగా రూబెన్‌ని చూస్తున్నాయి.

"అద్దం యాడబ్బా?"

 వెనక గదిలోంచి వింత వెలుతురు వస్తోంది. రూబెన్ పరిగెత్తాడు. గవాచి తెరిచి ఉంది. నాపరాయి లేదు, సిమెంటు లేదు. దాని మీద, ఆరడుగుల కిటికీ కోసం తెచ్చిన అద్దం చదరంగా కోసి బిగించి ఉంది. కింద నేలంతా పెచ్చులు. గఫూర్ చీపురుతో ఊడుస్తున్నాడు. ఆదెమ్మ మూలన కూర్చుని నీళ్ళు తాగుతోంది.

"ఎవరు పగలగొట్టింది? ఎవరు?"

"ఉలి నాదే" అన్నాడు గఫూర్.

"అల్లుడూ, అది..." అని ఆదెమ్మ ఏదో చెప్పబోయింది.

"నువ్వు ఊరుకో పెద్దమ్మా. ఉలి నాదే, సుత్తి నాదే, అద్దం కోసింది నేనే."

రూబెన్ తిట్టిన తిట్లకు వీధి చివర కుక్కలు లేచి వేరే వీధికి మారిపోయాయి. చెక్కపురుగు అన్నాడు. చీకటంటే భయపడే ముసలి గబ్బిలం అన్నాడు. ఈ జన్మలో నీకు ఈ ఊళ్ళో చీపురు పుల్ల పని కూడా దొరకనివ్వనన్నాడు.  గఫూర్ పెచ్చులన్నీ గోతంలోకి ఎత్తి, భుజాన వేసుకుని, పోతూ పోతూ మాత్రం హాల్లో లైట్లు ఆర్పిపోయాడు.

"అమ్మకు ఆ గది బాగుండాది కదా, రేపు వాక్యం ఆమెనే చదవనీ" అంది షాలిని మెల్లగా.

"ఇంతమంది ముందర మళ్ళీ రెండు పేజీలు తిప్పితే? నా పరువేం కావాల? నేనే చదువుతా. నా ఇల్లు, నా హాలు."

ఆదివారం పదకొండు గంటలకు హాలు నిండిపోయింది. గఫూర్‌ని ఎవరు పిలిచారో తెలియదు, వాకిలి పక్కన, సరిగ్గా స్విచ్చిబోర్డు కింద, ఉతికిన లాల్చీలో బుద్ధిమంతుడిలా నిలబడి ఉన్నాడు. రూబెన్ చూసి పళ్ళు కొరికాడు గానీ, అయ్యగారి ముందు ఎవరినీ గెంటలేడు. అద్దం లేని కిటికీకి రెండు కర్టెన్లు ఒకదాని మీద ఒకటి వేసి, రిమోటుతో సీలింగుకు గులాబి రంగు తెప్పించి, పుస్తకం తెరిచి, గొంతు సవరించుకున్నాడు. ఒక వాక్యం చదివాడు. రెండోది మొదలుపెట్టాడు.

టక్.

ఆళ్ళగడ్డలో పదకొండింటికి అర్ధరాత్రైంది. కేకు మీద ఎవరో చెయ్యి పెట్టారు. ఒక పిల్ల ఏడ్చింది. రూబెన్ పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకున్నాడు, దూరం పెట్టాడు, తలకిందులు చేశాడు. అక్షరమ్ముక్క కనిపించలేదు.

"చదువు నాయనా" అన్నారు పరంజ్యోతి అయ్యగారు.

"కనపడ్లేదు అయ్యగారూ."

"నీకు కూడా పోయినాయా కండ్లు?" అని ఎవరో గొణిగారు.

అప్పుడు వెనక గదిలోంచి వినిపించింది. రూబెన్ ఆపిన రెండో వాక్యం దగ్గరే అందుకుని, తొందర లేకుండా, తడబాటు లేకుండా. అయ్యగారు లేచి అటు నడిచారు. వెనకే సంఘమంతా నడిచింది, రూబెన్ గోడ తడుముకుంటూ చివరన చేరాడు. గవాచిలోంచి పలకంత ఎండ నిటారుగా దిగి, చాప మీద కూర్చున్న ఆదెమ్మ ఒళ్ళో పుస్తకం మీద పడుతోంది. ఆమె వేలు పెట్టి చదువుతోంది. పేజీ చివరికొచ్చింది. అందరూ ఊపిరి బిగబట్టారు. వేలు తడి చేసుకుని ఒకే ఒక్క పేజీ తిప్పింది. రూబెన్ అంతసేపూ బిగబట్టిన గాలి అప్పుడు వదిలాడు.

చివరిదాకా చదివి పుస్తకం మూశాక అయ్యగారు ఇల్లంతా ఒకసారి చూశారు. "ఇల్లు బాగుందప్పా రూబెన్" అన్నారు. "ముఖ్యంగా ఈ గది."

ఆ మాటతో రూబెన్ పూర్తిగా మారిపోయాడు. అంటే మంచివాడయ్యాడని కాదు, కథ మార్చాడని. వారం తిరిగేసరికి ఎరువుల అంగడిలో కొత్త చరిత్ర తయారైంది. అత్త బాధ చూడలేక గవాచి ఆలోచన చేసింది రూబెనే. గఫూర్ రూబెన్ మాట మీద పదకొండు దినాలు మిద్దె మీద ఎండలో ఉపాసముండి, సూర్యుడి దారి సుద్దముక్కతో గీసుకున్నాడు. పన్నెండో దినం ఒక్క సుత్తి దెబ్బకు, అరవయ్యేళ్ళ బండను, ఒంటి చేత్తో పగలగొట్టాడు. వినడానికి బాగుందని పగిడ్యాల నుంచి కూడా రైతులొచ్చి, యూరియా అక్కర్లేకపోయినా కూర్చునేవారు. ఇప్పుడు ఆ రైతుల్లో సగం మంది గఫూర్ దగ్గర గవాచికి అద్దం కావాలంటున్నారు.

ఈ చరిత్రంతా ఎవరో పూసగుచ్చినట్టు గఫూర్‌కి చెప్పారు. ఆయన చిత్రిక పట్టడం ఆపలేదు. పొట్టు ఊదేసి, చెక్క నునుపు చేత్తో చూసుకుని, అన్నాడు:

"ఉపాసం లేదు, సుద్దముక్క లేదు. బండ పగలగొట్టింది ఆదెమ్మ. నేను నిచ్చెన పట్టుకున్నా."