చేరలేదని చెప్పలేకపోయిన అల

కోరుట్ల కాలేజీలో మాకు ఫిజిక్స్ చెప్పిన సార్ కిందటి నెల ఒక పొద్దున, సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లిలో పోయారు. కబురు అందేసరికి నేను జగిత్యాలలో, నా బడిలో, ఎనిమిదో తరగతి పేపర్లు దిద్దుతున్నాను. నేను సముద్రం మీద పరిశోధన చేస్తున్నానని ఆయన చివరిదాకా నమ్మారు.

సార్‌ది సిరిసిల్లలో మరమగ్గాలు నడిపిన ఇల్లు. అక్కడి నుంచి పొడుగాటి తెల్లబట్ట తాను ఒకటి తెచ్చి కాలేజీ మేడమెట్ల మీద పరిచేవారు. పై కొస తన చేతిలో, కింది కొస మాలో ఒకరి చేతిలో. ఆయన ఊపితే బట్టలో అల మెట్లు దిగేది. భూమధ్యరేఖ దగ్గర గాలి సముద్రాన్ని తోస్తే అలలు పుడతాయని, వాటి బలం పైనే ఆగిపోక ఏటవాలుగా, నెలల తరబడి, వెలుతురు చేరని లోతుకు దిగుతుందని అలా చూపించేవారు. సముద్రం మొహం చూడని ఊళ్ళో ఈ పిచ్చేమిటని తోటి లెక్చరర్లు నవ్వేవారు. పైన గాలి ఆగినా కింద పని నడుస్తనే ఉంటది అనేవారు సార్.

ఒకసారి కింది కొస నాకిచ్చారు. ఆయన ఊపిన అల సగం మెట్లలోనే ఆగిపోయింది. సార్ చిన్నబుచ్చుకుంటారని కొస నేనే గుంజి, చేరింది సార్ అన్నాను. ఆయన మెట్లు దిగి వచ్చారు. తిట్టలేదు.

"చేరకుంటే చేరలేదని చెప్పు బిడ్డా. మళ్ల ఊపుత. నాకేం బరువు?"

ఆ అలను పట్టుకునే సముద్రశాస్త్రం చదవడానికి వెళ్ళాను. రెండేళ్ళకు చేతకాక వదిలేశాను. సార్‌కు చెప్పలేదు. ప్రతి దసరాకు జమ్మి చేతిలో పెట్టి కాళ్ళు మొక్కితే, ఎంత లోతు దాక పోయినవని అడిగేవారు. పోతున్న సార్ అనేదాన్ని. ఈసారి చెప్పేద్దామనుకుంటూనే ఎనిమిది దసరాలు గడిపాను. సిగ్గుగా ఉంది. ఇక ఆ సిగ్గు దింపుకునే చోటు కూడా లేదు.

శవం దగ్గర మగ్గాల పనివాళ్ళు నిండి ఉన్నారు. సముద్రం కొలిచే బిడ్డవు నువ్వేనా అని ఒక పెద్దాయన అడిగి, నాకు దారి ఇప్పించాడు. అక్కడ కూడా తల ఊపాను.

దినాలు అయ్యాక సార్ భార్య ఆ తాను తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"మీ సారు నీకే ఇయ్యమన్నడు."

కింది కొస మా అందరి చేతుల చెమటకు పసుపుబారి ఉంది. ఇంటికి తెచ్చి మా మేడమెట్ల మీద పరిచాను. ఆ కొస పట్టుకుని కింది మెట్టు మీద కూర్చున్నాను.

"చేరలేదు సార్" అన్నాను.

పై మెట్టు మీద పై కొస కదలకుండా పడి ఉంది.