నిమ్మకాయ అతుకు

పడవ అమ్ముతామని ప్రకటన పెట్టిన మూడో రోజున ఒకాయన ఫోన్ చేసి, ముందు సగం కోసి ఇస్తారా అని అడిగాడు. ఆయనకి హైవే పక్కన రెస్టారెంట్ ఉందట. దాని గుమ్మం ముందు మా పడవ ముక్కు నిలబెట్టి లైట్లు వేలాడదీస్తాడట. మిగతా సగాన్ని పాత ఇనుము కింద తూకానికి వేసుకోవచ్చని ఉచిత సలహా కూడా ఇచ్చాడు. మేము పడుకునే గది, నేను కరివేపాకు కుండీని ఎండకి పెట్టుకునే డెక్కు ఆ ముందు సగంలోనే ఉన్నాయి. నేను ఫోన్ పెట్టేశాను.

మాది హాలండ్‌లో తయారైన ఇనప పడవ. నూరేళ్ళు దాటింది. అక్కడి కాలవల్లో బంగాళాదుంపలు మోసేదట. ఎప్పుడో ఒక పెద్ద ఓడ మీదెక్కి అమెరికా చేరింది. ఒక ముసలి వడ్రంగి దాన్ని కొని, దుంపలు పోసే చోట గదులు కట్టి, సియాటిల్‌లో సరస్సు ఒడ్డున కట్టేసుకుని చాలా ఏళ్ళు కాపురం ఉన్నాడు. ఆయన దగ్గర మేము కొన్నాం. మేమంటే మా ఆయన. రెడ్‌మండ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే మనిషి, అందరిలాగే నాలుగు బెడ్‌రూముల ఇల్లు చూడటానికి బయల్దేరి, దారిలో ఈ పడవని చూసి అక్కడే ఆగిపోయారు. నేను రెండు వారాలు ఆయనతో మాట్లాడలేదు. మా స్నేహితులు మాత్రం చాలా మాట్లాడారు. "పడవలో కాపురం ఏంటండీ, పూజ చేసుకుంటే పీట ఊగదూ?" అని నవ్వారు. తర్వాత వాళ్ళ పిల్లలే ప్రతి వీకెండూ "ఆంటీ, మీ బోట్‌కి వస్తాం" అని ప్రాణం తీసేవాళ్ళు.

కొనే ముందు ముసలాయన పడవని నీళ్ళలోంచి పైకి తీయించి, దిమ్మెల మీద నిలబెట్టించాడు. మమ్మల్ని వంగి దాని కిందికి రమ్మన్నాడు. అడుగున అక్కడక్కడా ఇనప అతుకులు ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటీ చేత్తో తట్టి, పెళ్ళిలో బంధువుల్ని పరిచయం చేసినట్టు చేశాడు. ఇది మొదటి యజమాని భార్య బొగ్గుల పొయ్యి పెట్టుకున్న చోటు. ఇది వంతెన రాయి తగిలిన చోటు. ఇది మంచుగడ్డ కోసేసిన చోటు. అన్నిటికన్నా ఆఖరున ఒక అతుకు దగ్గర ఆగి, "ఇది నాది" అన్నాడు. బ్యాటరీలో యాసిడ్ కారుతుంటే చూసుకోలేదట. అతుకుల కథలు చెప్పి అప్పగించడం ఈ పడవలు అమ్మేవాళ్ళ మర్యాద అని కూడా చెప్పాడు. నాకు ఆ రోజు చలికి చెవులు మొద్దుబారిపోయాయి. పాడు చేసిందే కాక ఎంత గొప్పగా చెప్పుకుంటున్నాడో చూడు అనుకున్నాను.

ఆ పడవలో తొమ్మిదేళ్ళు ఉన్నాం. నేను వద్దన్న పడవే నన్ను ఎంత బాగా చూసుకుందో చెప్పాలంటే సిగ్గేస్తుంది. సియాటిల్ వానకి దిగులు పట్టని మనిషి ఉండడంటారు. నెత్తిమీద ఇనప కప్పు, దాని మీద వాన, లోపల పొయ్యి మీద చారు మరుగుతుంటే నాకు ఏ దిగులూ పట్టలేదు. తెల్లవారుజామున బాతులు వచ్చి పడవ పక్కలకి పట్టిన నాచు పొడుచుకు తింటుంటే ఎవరో తలుపు కొడుతున్నట్టు ఉండేది. ఒకసారి మేము దేశానికి ఆ చివరున్న ఐసెలిన్‌లో పెళ్ళికి వెళ్ళినప్పుడు పెద్ద గాలివాన వచ్చింది. పక్క పడవల వాళ్ళు, పేరు తప్ప మరేమీ తెలియని వాళ్ళు, వానలో తడుస్తూ మా తాళ్ళు మళ్ళీ బిగించి కట్టారు. మేము తిరిగొచ్చి అడిగితే గానీ చెప్పలేదు. వాళ్ళకి పులిహోర పెట్టడం తప్ప నేను చేసిందేమీ లేదు.

మా ఆయన మోకాళ్ళు అరిగిపోకపోతే ఇంకా అక్కడే ఉండేవాళ్ళం. లోపలికి దిగే మెట్లు నిచ్చెనలా నిట్టనిలువుగా ఉంటాయి. రెండుసార్లు జారారు. మూడోసారి జారేదాకా ఆగడం తెలివైన పని కాదు. అమ్మడానికి నేనే ముందు ఒప్పుకున్నాను, ఒకే ఒక్క షరతు మీద. అందులో ఎవరైనా కాపురం ఉండాలి. ఇల్లుగా కొనేవాళ్ళకే ఇద్దాం, కోసేవాళ్ళకి కాదు అన్నాను.

నెల రోజులకి ఒకావిడ వచ్చింది. ఫెర్రీల్లో ఇంజన్లు బాగుచేసే మెకానిక్. గోళ్ళ సందుల్లో గ్రీజు నల్లగా ఉంది. పడవ మొత్తం తిరిగి చూసి, నా వంటగదిలో నిలబడి కిటికీలోంచి నీళ్ళకేసి చాలాసేపు చూసింది. ఇక్కడే ఉంటాను అంది. నాకు నచ్చేసింది. ఇక మిగిలింది సర్వే. పడవని పైకి తీసి, అడుగు రేకు ఎంత మందం ఉందో సర్వేయర్ కొలిచి కాగితం ఇస్తేనే ఇన్సూరెన్స్ వస్తుంది. అది లేని పడవని ఏ రేవులోనూ కట్టనివ్వరు. కట్టుకోవడానికి చోటు లేని పడవ చివరికి ఆ రెస్టారెంట్ ఆయన దగ్గరికే చేరుతుంది.

సర్వేయర్ చిన్న సుత్తితో అడుగంతా తట్టుకుంటూ వెళ్ళాడు. ఇనుము ఖంగుఖంగున పలుకుతోంది. "ఇది ఉండేది మంచినీళ్ళ సరస్సు కదా, భలే నిలబడింది" అని మెచ్చుకున్నాడు కూడా. ఇంతలో ఒక చోట చప్పుడు మారింది. తడిసిన అట్టపెట్టె మీద కొట్టినట్టు దబ్‌మంది. ఆయన మళ్ళీ కొట్టి, మిషన్ పెట్టి కొలిచి, సుద్దముక్కతో గుండ్రంగా గీత గీశాడు. భోజనం కంచమంత ఉంది.

"దీని పైన ఏముంటుంది?" అని అడిగాడు.

వంటగది అన్నారు మా ఆయన. నాకు ఊరగాయ జాడీలు గుర్తొచ్చాయి.

వంటగది నేలలో ఒక చెక్క మూత ఉంది. అది తీస్తే కింద పడవ అడుగు. చీకటిగా, చల్లగా, ఎవరి చెయ్యీ పడకుండా ఉండే చోటు. ఊరగాయ జాడీలకి అంతకన్నా మంచి చోటు అమెరికా మొత్తంలో లేదని తొమ్మిదేళ్ళ క్రితం నేనే మురిసిపోయి, తుండుగుడ్డ మడిచి వేసి, ఆవకాయ జాడీ ఒకటీ నిమ్మకాయ జాడీ ఒకటీ పెట్టుకున్నాను.

నిచ్చెనెక్కి వెళ్ళి మూత తీశాను. ఆవకాయ జాడీ జరిపితే దాని కింద ఇనుము నూనె పట్టి నల్లగా నిగనిగలాడుతోంది. నిమ్మకాయ జాడీ ఎత్తేసరికి దాని అడుగున వెంట్రుకంత బీట కనిపించింది. తుండుగుడ్డ ఎర్రగా తుప్పు ముద్దై ఉంది. దాని కింద రేకు అప్పడాల దొంతరలా పొరలు పొరలుగా లేచిపోయింది. నాలుగైదేళ్ళుగా ఆ జాడీలో ఊట తగ్గిపోతూనే ఉంది. ఇక్కడి నిమ్మకాయల్లో పసలేదని తిట్టుకుంటూ, ప్రతిసారీ ఇంత ఉప్పు, ఇంత నిమ్మరసం కలిపి పోస్తూనే ఉన్నాను. బయట అన్నీ మంచినీళ్ళే. ఉప్పు నేను తెచ్చి పోశాను. వందేళ్ళు బతికిన పడవకి నా చేత్తో చిల్లు పెట్టేదాన్ని.

దిగి వచ్చేసరికి మా ఆయన, సర్వేయర్, సర్వే చూడటానికి వచ్చిన మెకానిక్ ఆవిడ, ముగ్గురూ నాకోసం చూస్తున్నారు. మా ఆయన నా మొహం చూసి సంగతి గ్రహించారు.

"నువ్వేం చెప్పకు. ఓల్డ్ ఐరన్ కదా, రస్ట్ కామన్ అనుకుంటారు" అన్నారు, పెదవుల మీద నవ్వు చెదరనివ్వకుండా.

"మీరు కాసేపు నోరు మూసుకోండి" అన్నాను, నేనూ నవ్వుతూనే.

ఇంగ్లీషులో అంతా చెప్పాను. జాడీ, బీట, ఉప్పు, నిమ్మరసం, ఏటేటా పోయడం, ఏదీ దాచలేదు. సర్వేయర్ రాసుకోవడం ఆపేసి విన్నాడు. అది బాగుచేస్తే తప్ప కాగితం ఇవ్వలేనన్నాడు. మెకానిక్ ఆవిడ ఆలోచించుకుంటాను అని చెప్పి వెళ్ళిపోయింది.

రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు. మా ఆయన నన్ను తిట్టలేదు, అదింకా కష్టంగా ఉంది. దిమ్మెల మీద ఉన్న పడవ చుట్టూ తిరిగాను. ఎన్ని చలికాలాలు కాపాడింది! ఈ ఊళ్ళో నాకు దొరికిన మనుషులంతా ఈ పడవ వల్ల దొరికినవాళ్ళే. నేను దాన్ని కొంచెం కొంచెంగా తినేస్తున్నా ఒక్క చుక్క నీరు లోపలికి రానివ్వలేదు. దాని పక్క మీద చెయ్యి వేసి, క్షమించమని పైకే అన్నాను.

మూడో రోజున ఆవిడ వచ్చింది. ఆ ముక్క కోసి కొత్త రేకు వేయిస్తే కొంటానంది. నాకు నమ్మకం కలగలేదు. ఎందుకని అడిగాను.

"తుప్పు ఎక్కడైనా ఉంటుంది. ఎందుకు పట్టిందో చెప్పలేని పడవలంటేనే నాకు భయం. దీని సంగతి మీరు మొత్తం చెప్పారు" అంది.

కొత్త రేకు వేయించాం. కాగితం వచ్చింది. పడవని మళ్ళీ నీళ్ళలోకి దించే రోజున ఆవిడని వంగి కిందికి రమ్మన్నాను. ముసలాయన ఇప్పుడు లేడు. చెప్పాల్సింది నేనే. బొగ్గుల పొయ్యి చూపించాను, వంతెన రాయి చూపించాను, మంచుగడ్డ చూపించాను. చలికి మొద్దుబారిన చెవులే అయినా ఆ రోజు విన్నవన్నీ గుర్తున్నాయి. ఇది ఆయనది, బ్యాటరీ, అన్నాను. తర్వాత కొత్తగా మెరుస్తున్న అతుకు దగ్గరికి వచ్చాం. నవ్వుతూ చెబుదామనుకున్నాను. నవ్వు రాలేదు.

"ఇది నాది. నిమ్మకాయలు" అన్నాను.

ఆవిడ దాని మీద అరచెయ్యి పెట్టింది. "రుచిగా ఉండేదా?"

"చాలా."

ఆవిడ తలెత్తి ఆ పొడుగాటి నల్లటి అడుగంతా ఒకసారి చూసింది. "నాది ఎక్కడ పడుతుందో!" అంది.

అప్పుడు నాకు ఏడుపొచ్చేసింది. ఆవిడ చెయ్యి పట్టుకుని, "ఎక్కడ పడితే అక్కడ పడనియ్యమ్మా, నువ్వు మాత్రం ఇందులోనే ఉండు" అన్నాను. అది తెలుగులో అన్నానని కారెక్కాక మా ఆయన చెప్పారు. ఆవిడ మాత్రం అలాగేనన్నట్టు తలూపింది.