చక్రాల కుర్చీకి దారి

ఆ వీధిలో ఆవిడను అందరూ ఫ్యాన్లక్క అనేవారు. నిజానికి ఆవిడ పని లాండ్రీలో ఇస్త్రీ. ఫ్యాన్లు భర్తవి. కాలిపోయిన మోటార్లకు కొత్త తీగ చుట్టే మెకానిక్ ఆయన. బాగుపడ్డవి ఎవరిళ్లకు అవి వెళ్లిపోయేవి. ఇక లాభం లేదని జనం వదిలేసినవి మాత్రం ఇంట్లో ఉండిపోయేవి. ఉన్నవి రెండే గదులు. ముందు గదిలో గోడ పొడుగునా రెక్కలు, మంచం కింద మోటార్లు, కిటికీ పక్కన చెక్క అర నిండా బేరింగులు, మరలు ఉన్న డబ్బాలు. ఇన్ని ఫ్యాన్లున్న ఇంట్లో తిరిగేది ఒక్కటే, అదీ మూలుగుతూ. చుట్టాలొస్తే కూర్చోబెట్టే చోటు లేక గుమ్మంలోనే మాట్లాడి పంపేసేవారు. ఆవిడ విసుక్కుంటే ఆయన నవ్వేవాడు. ఏ ఫ్యానూ పూర్తిగా చచ్చిపోదనీ, ఎక్కడో ఒక మంచి ముక్క ఉండే ఉంటుందనీ చెప్పి, ఆ ముక్క కోసం ఫ్యానంతా దాచేవాడు.

ఒకరోజు తీగ చుడుతూ చుడుతూనే పక్కకు ఒరిగిపోయాడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాటలన్నీ పోయి ఒక్కటి మిగిలింది. పర్లేదు. నర్సు నొప్పిగా ఉందా అంటే పర్లేదు. ఆకలేస్తోందా అంటే పర్లేదు. పక్క తడిసి చలికి వణుకుతున్నా పర్లేదు. ఆ మాటను పట్టుకుని ఏదీ అనుకోవద్దనీ, అది నోటికి అలవాటుగా మిగిలిందే తప్ప మనసులోది కాకపోవచ్చనీ డాక్టరు ముందే చెప్పాడు.

ఇంటికి పంపే ముందు, కాళ్లూ చేతులూ ఆడించడం నేర్పే ఆసుపత్రి అమ్మాయి ఇల్లు చూడడానికి వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది. కాలు ఎక్కడ పెట్టాలో తెలియలేదు పాపం.

"అమ్మా, చక్రాల కుర్చీ తిరగాలంటే ఈ గది ఖాళీ అవ్వాలి. లేకపోతే ఆయన మంచానికే అతుక్కుపోతారు" అంది.

ఆవిడ ఆసుపత్రికి వెళ్లి మంచం పక్కన కూర్చుంది. పెళ్లయిన నాటి నుంచి ఆయన్ను అడగకుండా ఒక్క మర కూడా పారేసింది లేదు.

"ఏమండీ, మీరు ఇంటికి రావాలంటే సామానంతా తీసెయ్యాలట. తీసెయ్యమంటారా?"

"పర్లేదు."

"పోనీ కొన్ని ఉంచనా? కిటికీ పక్కవి?"

"పర్లేదు."

ఆవిడకు ఒక ఉపాయం తట్టింది. బాగున్న ఎడమ చేతిని తన చేతిలోకి తీసుకుని, వద్దనుకుంటే నొక్కమంది. ఆయన నొక్కాడు. ప్రాణం లేచొచ్చినట్టయింది. ఎందుకైనా మంచిదని, సరేననుకుంటే నొక్కమని కూడా అడిగింది. అంతే గట్టిగా నొక్కాడు.

సామాను తీయడానికి ఆటో నడిపే తమ్ముడు వచ్చాడు. ఉంచేవి ఒక పక్క, తీసేసేవి ఒక పక్క పెడదామనుకుంది ఆవిడ. కానీ ఏది చేతిలోకి తీసుకున్నా ఒకటే జిడ్డు, ఒకటే తుప్పు. ఇన్నేళ్లు వాటి మధ్యే తిని, వాటి మధ్యే పడుకుంది. అయినా ఏది పనికొచ్చేదో, ఏది కానిదో ఒక్కదాని గురించీ చెప్పలేకపోయింది.

"ఇలా ఒక్కోటీ పట్టుకుని చూస్తూ కూర్చుంటే అయ్యేది కాదక్కా. నీకు బావ కావాలా, సామాను కావాలా?" అన్నాడు తమ్ముడు.

బావే కావాలంది. ఇంకేమంటుంది? చేతికొచ్చిన ఒక డబ్బా, ఆయన పట్టకారు పక్కన పెట్టి, మిగతాదంతా పాత సామాన్ల దుకాణానికి పంపేసింది. కుర్చీకి అడ్డొస్తుందని గోడకున్న చెక్క అరను కూడా తమ్ముడు ఊడదీశాడు. నేల కడిగితే గచ్చు ఎర్రరంగుదని తేలింది. ఆ సంగతే ఆవిడ మరిచిపోయింది.

ఆయన ఇంటికొచ్చాడు. కుర్చీ గదంతా సాఫీగా తిరిగింది. వీధిలోవాళ్లు చూడడానికి వచ్చి, మొదటిసారిగా ఆ ఇంట్లో కూర్చున్నారు. ఇల్లు ఇంత పెద్దదని ఇన్నాళ్లూ తెలియలేదే అని మెచ్చుకున్నారు. ఆవిడకు కాస్త సంతోషం కూడా కలిగింది.

అందరూ వెళ్లాక ఆయన ఎడమ చేత్తో చక్రం తోసుకుంటూ, ఎడమ కాలితో నేలను తన్నుకుంటూ కిటికీ పక్కకు వెళ్లాడు. అర ఉండే చోట గోడను తడిమాడు. పైకి, కిందికి, మళ్లీ పైకి. ఆవిడ గబగబా డబ్బా తెచ్చి ఒళ్లో పెట్టింది. పక్కన పెట్టేశాడు. పట్టకారు ఇచ్చింది. అదీ పెట్టేశాడు.

"ఏం కావాలండీ? దేనికోసం చూస్తున్నారు?"

"పర్లేదు" అన్నాడు. కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి.

మర్నాడు ఆవిడ పని మానేసి పాత సామాన్ల దుకాణానికి పరుగెత్తింది. మోటార్లను అప్పుడే పగలగొట్టేశారు. రాగి, ఇనుము వేరుచేసి పంపేశారు. మూల ఒక గోనెసంచిలో చిల్లర మల్లర మిగిలింది. దుకాణం అతను మంచివాడే, సంచిని నేల మీద గుమ్మరించాడు.

"ఏ వస్తువో చెప్పమ్మా, ఇద్దరం వెతుకుదాం" అన్నాడు.

ఏ వస్తువని చెబుతుంది? ఆవిడ ఆ కుప్ప ముందు కూలబడింది. తర్వాత, ఆయనవో మరొకరివో తెలియకుండానే, చేతికందినవి కొంగులో మూటగట్టుకొచ్చి ఆయన ముందు పరిచింది. ఒక ఇత్తడి ముక్కను తీసి ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు. దాన్ని జాగ్రత్తగా కింద పెట్టి, మళ్లీ గోడవైపు తిరిగాడు.

తమ్ముడు మొహం చిన్నబుచ్చుకుని వచ్చి, అర ఉన్న చోటే, కుర్చీకి తగలకుండా కాస్త ఎత్తులో చెక్క బిగించి వెళ్లాడు. ఆయన ఆ చెక్కనూ తడిమాడు, దాని కింద గోడనూ తడిమాడు. ఆసుపత్రి అమ్మాయిని అడిగితే, ఆయన నిజంగా వెతుకుతూ ఉండొచ్చు, ఊరికే చెయ్యి అలా కదులుతూనూ ఉండొచ్చు, చెప్పడం కష్టమంది. రెండింట్లో ఏదో ఒకటి ఖాయంగా చెప్పి ఉంటే, అది ఏదైనా సరే, ఆవిడ ఓర్చుకునేది.

మళ్లీ లాండ్రీకి వెళ్లడం మొదలుపెట్టింది. పక్కింటి పెద్దావిడ ఆయన్ను కనిపెట్టుకుని ఉండేది. పని నుంచి వచ్చేసరికి రోజూ ఆ గోడ దగ్గరే ఉండేవాడు. ఒక సాయంత్రం ఆవిడ ఏమీ అడగలేదు. వెళ్లి, ఆయన తడిమే చోట తన అరచేతిని గోడకు ఆనించింది. ఆయన వేళ్లు వచ్చి తగిలాయి, ఆగాయి. ఇస్త్రీ పెట్టెకు కాయలు కాసిన ఆ అరచేతిని నిమిరాడు. ఎవరిదో పోల్చుకున్నాడు, మొహంలో తెలిసింది. తర్వాత ఆ చేతిని నెమ్మదిగా పక్కకు జరిపి, దాని వెనకున్న గోడను వెతకసాగాడు.

ఆవిడ పీట లాక్కుని ఆయన పక్కనే కూర్చుంది.