యాసర్ పెంచిన స్పీడు

మహబూబాబాద్ స్టేషన్ రోడ్డులో యాసర్‌కు చిన్న నెట్ సెంటర్ ఉండేది. అందులో మూలనున్న కంప్యూటర్ అంటే అతనికి ప్రాణం. దాని ప్రాసెసర్‌కు కంపెనీ పెట్టిన వేగం అతని కంటికి ఆనలేదు. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరుచుకునే బయాస్ సెట్టింగుల్లోకి వెళ్లి తానే పెంచాడు. ఆ సంగతి తెలిసినవాళ్లందరికీ చెప్పుకున్నాడు కూడా.

ఇంతలో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి. రేణుక టీచర్ పొద్దున దీక్షా శిబిరంలో నినాదాలిచ్చి, మధ్యాహ్నం ఆ కంప్యూటర్ మీద కార్ల పందెం ఆడేది. ఊళ్లో చక్రం కదలని రోజుల్లో ఆమె కారు మాత్రం దూసుకుపోయేది. మూడో మలుపు దగ్గరికి రాగానే తెర నీలంగా మారి అంతా ఆగిపోయేది.

"నేను గెలిచేటప్పుడే గిట్లయితది, యాసర్," అనేది రేణుక.

"కరెంటు మంచిగ లేదు మేడం."

యాసర్ స్టెబిలైజర్ తెచ్చాడు. ర్యామ్ తీసి తుడిచాడు. విండోస్ మళ్లీ ఎక్కించాడు. అన్నం తెచ్చిన భార్య ఫిజా ఒకరోజు, "పెంచిన స్పీడు జర తగ్గించి చూడరాదా?" అంది.

యాసర్ నొచ్చుకున్నాడు. "దానివల్లనే గద గింత మంచిగ నడుస్తుంది," అన్నాడు, విప్పిన కంప్యూటర్ ముందు కూర్చుని.

బొగ్గు గనులూ సమ్మెలోకి దిగాక కరెంటు కోతలు పెరిగాయి. ఒకసారి కరెంటు చాలాసేపు పోయి వచ్చింది. ఆ మధ్యాహ్నం రేణుక మూడో మలుపు దాటేసింది. యాసర్ స్టెబిలైజర్‌ను ప్రేమగా తట్టాడు.

మర్నాడు చూస్తే కంప్యూటర్‌లో ఏనాటిదో తేదీ ఉంది. సెట్టింగులను గుర్తుంచే లోపలి గుండీ సెల్లు అయిపోయింది. కరెంటు లేనప్పుడు కంప్యూటర్ అవన్నీ మరిచిపోయి, ప్రాసెసర్‌ను కంపెనీ వేగానికే తిప్పేసింది. యాసర్ కొత్త సెల్లు వేసి, తేదీ సరిచేసి, శ్రద్ధగా స్పీడు కూడా పెంచాడు. మధ్యాహ్నానికి తెర నీలమైంది.

ఈసారి రేణుక కుర్చీ వెనక్కి జరిపింది. అన్నం గిన్నెతో వచ్చిన ఫిజా నీలం తెరనూ, యాసర్‌నూ మార్చి మార్చి చూసింది. ఆ చూపు భరించలేక యాసర్ స్పీడు తగ్గించాడు. "కోతలకు మిషన్ అలిసింది మేడం. జర రెస్టిచ్చిన," అన్నాడు.

ఇక ఆట ఆగలేదు. రేణుక ప్రతి పందెం పూర్తి చేసింది, ప్రతి పందెంలోనూ చివరనే వచ్చింది. అంతకుముందు ఆమెకు ఓడేదాకా ఆడే వీలు దాదాపు దొరకనేలేదు.

"నీ మిషన్ ముందటి లెక్క లేదు యాసర్," అంది చివరికి. "స్పీడు తగ్గింది."

యాసర్ ముఖం వెలిగింది. "మీకు సమజైంది మేడం, మా ఇంట్ల సమజైతలేదు," అన్నాడు.