స్వచ్ఛందంగా వైదొలగిన మా బావ

ఒక్క కాగితంతో మా బావ ఉద్యోగం ఊడగొట్టిన ఘనుణ్ణి నేను. కనీసం ఒక పూటంతా మా అక్కా, ఉక్కు ఫ్యాక్టరీ కాలనీ ఉక్కునగరంలో వాళ్ల వీధీ అలాగే నమ్మారు. నేను వాళ్ల క్వార్టరు మెట్లెక్కేసరికి అక్క గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో నేనిచ్చిన కాగితం, కళ్లలో నీళ్లు.

"ఒరే, తోడబుట్టినోడివని ఇంట్లోకి రానిత్తే, మీ బావ ఉద్యోగం పీకించీసావేట్రా?"

పత్రికలో ఇరవై ఏళ్లలో నా మీద చాలా అభియోగాలు వచ్చాయి గానీ, ఇది కొత్తది.

జరిగింది చెబుతాను. విలేకరి ఉద్యోగం మానేసి, తల నెరిశాక పరిశోధక విద్యార్థినయ్యాను. అంశం, షిఫ్టు కార్మికుల నిద్ర. మనుషుల మీద పరిశోధన చేసేవాళ్లు ముందుగా ఎథిక్స్ శిక్షణ పూర్తిచేయాలని యూనివర్సిటీ నిబంధన. కంప్యూటర్లో పది పాఠాలు, చివర పరీక్ష.

"మనుషులతో మాట్లాడ్డం నాకు నేర్పుతారా మేడమ్?" అన్నాను, ఎథిక్స్ కమిటీ మేడమ్‌తో.

"మాట్లాడ్డం మీకొచ్చు. అవతలివాళ్లకి అర్థమైందో లేదో చూసుకోవడం వచ్చా?" అందావిడ.

నవ్వేసి వచ్చేశాను. ఒక చేత్తో ముంత మసాలా తింటూ, రెండో చేత్తో 'తరువాత' మీట నొక్కుతూ పోయాను. పొట్లం ఖాళీ అయ్యేలోపు సర్టిఫికెట్ చేతికొచ్చింది. తొమ్మిదో పాఠం శీర్షిక మాత్రం కంటబడింది: 'సమ్మతి పత్రాన్ని ముందు ఒకరికి చదివి వినిపించి, వాళ్ల మాటల్లో తిరిగి చెప్పించుకోండి.' శీర్షిక చూస్తే వార్త చదివినట్టే కదా! చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు చదవకుండానే పోయింది.

పరిశోధనలో చేరేవాళ్లు సంతకం చేయాల్సిన ఆ పత్రం నేనే రాశాను. నచ్చకపోతే మధ్యలో మానేసే హక్కు వాళ్లకుందని అందులో చెప్పాలి. నేను చెప్పిన తీరు ఇదీ: "నేను ఎప్పుడైనా, ఏ కారణమూ చూపకుండా, స్వచ్ఛందంగా వైదొలగుటకు అంగీకరిస్తున్నాను." మొదట 'ఈ పరిశోధన నుంచి' అని కూడా ఉండేది. వాక్యం బరువైపోతోందని, పాత డెస్కు అలవాటు కొద్దీ ఆ మూడు మాటలూ కొట్టేశాను.

అయ్యా, ఉక్కునగరంలో 'స్వచ్ఛందం' అన్న మాటకి ఒక్కటే అర్థం. ఫ్యాక్టరీ మనుషుల్ని తగ్గించుకోవడానికి పెట్టిన స్వచ్ఛంద పదవీ విరమణ. ఆ మాట వింటే అక్కడ పాలు కూడా విరుగుతాయి.

మొదటి సంతకం బావదే. పొద్దున్న షిఫ్టుకి పరిగెడుతూ, స్కూటర్ సీటు మీద కాగితం పెట్టి గీకేసి, అక్క చేతిలో పెట్టి పోయాడు. అక్క దాన్ని తీరిగ్గా చదివింది. పక్క క్వార్టరు వాళ్లకి చదివి వినిపించింది. నేను చేయాల్సిన తొమ్మిదో పాఠం ఆవిడ చేసిందన్నమాట.

"అది ఉద్యోగం గురించి కాదే అక్కా, నా పరిశోధన గురించి!"

"మరి ఆ ముక్క ఏదిరా ఇందులో?" కాగితం నా ముక్కుకి ఆనించింది. "పైన సర్కారోళ్ల లాగ ముద్ర కూడా ఏసినావు!"

అప్పుడే షిఫ్టు దిగి వచ్చిన బావ హెల్మెట్ తియ్యకుండానే కూలబడ్డాడు. "నువ్వు సంతకం ఎట్టమన్నావని ఎట్టీసాను బావా. ఏటి రాసుందో సూడ్నేదు."

"అది నీకున్న హక్కు బావా. నచ్చకపోతే నా పరిశోధన నుంచి తప్పుకోవచ్చు, అంతే."

"ఎప్పుడైనా?"

"ఎప్పుడైనా."

"కారణం సెప్పక్కర్నేదా?"

"అక్కర్లేదు."

బావ హెల్మెట్ తీసి పక్కన పెట్టాడు. "ఐతే నాను స్వచ్ఛందంగా వైదొలుగుతన్నాను."

నా పత్రం పూర్తిగా అర్థమైన మొదటి మనిషి ఆయనే. అందులోంచి తప్పుకున్న మొదటి మనిషీ ఆయనే.

సంగతి విన్న మేడమ్ పది పాఠాలూ మళ్లీ చేయించింది, ఈసారి ఎదురుగా కూర్చుని. ఆ కంప్యూటర్ సాక్షిగా ప్రమాణం చేశాను: ఇకపై మా అక్కకి చదివి వినిపించి, ఆవిడ చేత తిరిగి చెప్పించుకోనిదే ఏ మనిషినీ సంతకం అడగను. ముంత మసాలా ముట్టినా పాఠాలు అయ్యాకే.

కొత్త పత్రంతో పరిశోధన పూర్తయింది, పట్టా వచ్చింది. అయితే సంతకాలున్న పత్రాలన్నీ తాళం వేసిన నా అలమరలో ఉండాలని నిబంధన. బావ సంతకమున్న ఒకటో నంబరు పత్రం మాత్రం తాళం వేసిన అక్క బీరువాలో, పట్టుచీరల కింద ఉంది. ఫ్యాక్టరీ వాళ్ల చేతిలో పడుతుందేమోనని, బావ రిటైరయ్యేదాకా ఇవ్వనంటోంది. ఆయనకింకా ఆరేళ్ల సర్వీసుంది.